ఆపెరా ఆర్కెస్ట్రా సంగీతాన్ని ఫ్లూట్, పియానోలకు కుదించేటప్పుడు ఏది ఉంచాలి, ఏది వదలాలి?

లతీఫ్‌గుట్ట నీడ (నల్లగొండ)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఐదేళ్లుగా వెండి ఫ్లూట్ నేర్చుకుంటోంది. నేను ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాను. ఇంట్లో 88 మెట్ల డిజిటల్ పియానో ఉంది. మేమిద్దరం కలిసి వాయించుకోవడానికి బిజే రాసిన ‘కార్మెన్’ ఆపెరాలో (పాటలతో నడిచే పాశ్చాత్య నాటకం) మూడో అంకానికి ముందు వచ్చే వాద్య సంగీతాన్ని ఎంచుకున్నాం. 1875లో పారిస్‌లో మొదటిసారి ప్రదర్శించిన ఈ ఆపెరాలో కథ అంతా మంటలా సాగుతుంటే, ఈ ఒక్కచోట మాత్రం ఫ్లూట్, హార్ప్ రెండే మొదలై కొండల మీద తెల్లవారినట్టు అనిపిస్తుంది.

మొదటి భాగం ఇబ్బంది లేకుండా కుదిరింది. ఫ్లూట్ పాట అమ్మాయికి, హార్ప్ స్వరాలు నా చేతులకు సరిపోయాయి. క్లారినెట్ వచ్చి కలిసి, ఆ తర్వాత తీగవాద్యాలు కూడా నిండుగా చేరే చోట చిక్కు వచ్చింది. ఏదీ పోకూడదనే ఆశతో స్కోరులో (అన్ని వాద్యాల స్వరాలూ రాసిన పుస్తకం) కనిపించిన ప్రతి గీతనూ నా రెండు చేతుల్లోకి తెచ్చాను. ఫోన్‌లో రికార్డు చేసి విన్నాక నా పది వేళ్ల చప్పుడు తప్ప పిల్ల వాయించింది వినబడలేదు. ఇలాంటి పని చేసిన వారు ఎక్కడినుంచి మొదలుపెడతారో, ముందుగా దేన్ని వదులుతారో చెప్పగలరా? దీని తర్వాత పుచ్చీని ‘జాన్ని స్కిక్కి’లోని ‘ఓ మియో బాబ్బీనో కారో’ కూడా చేయాలని ఉంది.

మిర్యాలగూడ మెట్లు

అన్నా, ఇంత కష్టపడనక్కరలేదు. ప్రతి ప్రసిద్ధ ఆపెరాకూ గాయకుల సాధన కోసం ఆర్కెస్ట్రాను పియానోకు కుదించిన ‘వోకల్ స్కోరు’ అచ్చులో ఉంటుంది. పాత ముద్రణలు ఇంటర్నెట్‌లోని పెట్రూచీ సంగీత గ్రంథాలయంలో ఉచితంగానే దొరుకుతాయి. గాయకుల వరుసను ఫ్లూట్‌కు ఇచ్చి, కింద ఉన్న పియానోను ఉన్నది ఉన్నట్టు వాయిస్తే సరిపోతుంది. నేను చాలా పాటలు ఇలాగే వాయించాను.

వనపర్తి స్వరలిపి

మెట్లు గారు చెప్పిన దారి మొదటి రోజుకు పనికొస్తుంది, కానీ అక్కడే ఆగిపోతే నష్టమే ఎక్కువ. వోకల్ స్కోరు గాయకుడికి శ్రుతి దొరకడానికీ, ఎక్కడ అందుకోవాలో తెలియడానికీ తయారైనది. అందుకే చాలాచోట్ల పియానో కుడిచేయి గాయకుడి వరుసనే తిరిగి వాయిస్తూ ఉంటుంది. మనిషి గొంతుకు ఆ తోడు బరువు కాదు. ఫ్లూట్‌కు మాత్రం, అదే ఎత్తులో అదే స్వరం పియానోలో మోగితే, దాని అంచు కరిగిపోతుంది. నీడ గారికి పిల్ల ఫ్లూట్ వినబడకపోవడానికి మొదటి కారణం చప్పుడు ఎక్కువ కావడం కాదనీ, ఇద్దరూ ఒకే చోట నిలబడడమేననీ నా అభిప్రాయం.

నేను చేసే పద్ధతి చెబుతాను. వోకల్ స్కోరును పక్కన పెట్టుకుంటాను గాని పూర్తి ఆర్కెస్ట్రా స్కోరునుంచే మొదలుపెడతాను. స్కోరు చదివేటప్పుడు రాసిన స్వరం, మోగే స్వరం వేరువేరుగా ఉండే వాద్యాలతో జాగ్రత్తగా ఉండాలి. బి-ఫ్లాట్ క్లారినెట్ రాసినదానికంటే ఒక పూర్తి స్వరం కిందకు మోగుతుంది. ‘ఏ’ (A) శ్రుతి క్లారినెట్ ఇంకొక అర స్వరం కిందకు. ఎఫ్ హార్న్ అయిదో స్వరం దూరం కిందకు. పాత ఆపెరాలలో హార్న్ శ్రుతి అంకం మధ్యలోనే మారుతుంది, కాబట్టి ప్రతి పేజీ అంచున ఏం రాశారో చూడక తప్పదు. డబుల్ బాస్ ఒక ఆక్టేవ్ (స నుంచి పై స వరకు ఉండే దూరం) కిందకు మోగుతుంది. అంటే చెల్లో, డబుల్ బాస్ ఒకే గీత మీద కనిపించినా చెవికి వినిపించేది ఆక్టేవ్ జోడీ. దీన్ని పట్టుకుని ఎడమచేతిలో అడుగడుగునా ఆక్టేవ్‌లు మోగించేవారు ఉన్నారు. అలా చేస్తే పియానో ఈడ్చుకుంటూ నడుస్తుంది. నేను ఒంటి స్వరంతోనే నడిపించి, వాక్యం ముగిసే చోట మాత్రమే కింది ఆక్టేవ్ కలుపుతాను.

ఆ తర్వాత ఖాళీ కాగితం మీద రెండే వరుసలు రాస్తాను: పైన పాట, అడుగున బాస్. ఈ రెండూ వాయిస్తే అది ఏ పాటో వినేవారికి తెలిసిపోవాలి. తెలిసిన తర్వాత మూడోదిగా, పాటకు ఎదురు నడిచే వరుస ఏదైనా ఉంటే దాన్ని కలుపుతాను. లయను నడిపించే కదలిక నాలుగోది. ఇద్దరు ఒబో వాద్యకారులూ ఇద్దరు బసూన్ వాద్యకారులూ పట్టి ఉంచిన నిండు స్వరాలు చివరన, చేతిలో వేళ్లు మిగిలితేనే వస్తాయి. స్కోరులో ఇవి పేజీ నిండా కనబడతాయి గాని చెవికి ఇవి నేపథ్యమే. నీడ గారూ, మీరు పేజీని కంటితో కుదించారు. దాన్ని చెవితో కుదించి చూడండి.

పాలమూరు హార్మోనియం

నాకు ఆపెరా కొత్త. కానీ ముప్పై ఏళ్లు పద్య నాటకాలకు హార్మోనియం వాయించినవాడిని కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది. మా పని కూడా ఇదే కదా: ఒక్క పెట్టెతో మొత్తం మేళం ఉన్నట్టు అనిపించాలి. నటుడు పద్యం ఎత్తుకున్నప్పుడు నేను శ్రుతిని పట్టి ఉంచేవాడిని. పాదం విరిచిన చోట అందుకుని, తర్వాతి ఎత్తుగడకు దారి చూపేవాడిని. ఆయన గొంతులో ఉన్న సంగతిని నేను కూడా వాయిస్తే, తెర వెనకకు వచ్చాక ‘నా పద్యం మింగేశావు’ అని కోప్పడేవాడు. వనపర్తి గారు చెప్పినది నాకు వెంటనే అర్థమైంది అందుకే.

ఒక సందేహం. ఆ పాటల్లో మాటలు ఉంటాయి కదా. ఫ్లూట్‌లోకి వచ్చేసరికి మాటలు పోతాయి. పద్యంలో ఒకే స్వరం మీద నాలుగు అక్షరాలు నడిస్తే ఆ అక్షరాలే దానికి ప్రాణం. అవి పోయాక ఆ నాలుగూ ఒక్కటే మోతగా మిగులుతాయి. దానికి మీరు ఏం చేస్తారు?

సాగర్ గాలి (హాలియా)

హార్మోనియం గారూ, మీరు అడిగింది అసలైన ప్రశ్న. నేను ఫ్లూట్ వాద్యకారుణ్ణి. ఆపెరా పాట ఏదైనా ఫ్లూట్‌కు రాసుకునేటప్పుడు స్వరాల కింద ఇటాలియన్ మాటలను అక్షరం అక్షరంగా తెలుగు లిపిలో రాసుకుంటాను. కొత్త అక్షరం వచ్చిన చోట నాలుకతో స్వరాన్ని విడదీస్తాను; ఒకే అక్షరం రెండు మూడు స్వరాలపై జారితే వాటిని కలిపేస్తాను. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా మాటలే చెబుతాయి. ‘ఓ మియో బాబ్బీనో కారో’లో ‘బాబ్బీనో’ అనే మాట మధ్యలో ఊపిరి తీస్తే, ఇటాలియన్ రానివారికి కూడా ఏదో తెగినట్టు తెలుస్తుంది. ఒకే స్వరం నాలుగుసార్లు వచ్చినప్పుడు నాలుగింటినీ ఒకే బలంతో ఊదకుండా, మాటలో ఒత్తు ఎక్కడుందో అక్కడికి నడిపించి వదిలేస్తాను.

పుచ్చీని పాటకు నీడ గారికి ముందే ఎదురయ్యే చిక్కు ఇంకొకటి ఉంది. 1918లో వచ్చిన ఆ పాట ఏ-ఫ్లాట్ మేజర్‌లో ఉంటుంది. గాయని కిందికి మధ్య స్థాయి ఇ-ఫ్లాట్ వరకు, పైకి ఒక ఆక్టేవ్ దాటి ఏ-ఫ్లాట్ వరకు వెళుతుంది. ఉన్నదున్నట్టు వాయిస్తే పాటలో చాలా భాగం ఫ్లూట్ మొదటి ఆక్టేవ్‌లో పడుతుంది. అక్కడి ధ్వని మెత్తగా, గాలి నిండి, అందంగానే ఉంటుంది గాని పియానో కాస్త కదిలినా మునిగిపోతుంది. పోనీ అని ఒక ఆక్టేవ్ పైకి ఎత్తితే, గాయని తేలిపోతున్నట్టు పాడే ఆ పై స్వరం ఫ్లూట్ మూడో ఆక్టేవ్‌లోని ఏ-ఫ్లాట్ అవుతుంది. దానికి వేగంగా గాలి కావాలి. మృదువుగా పలికించడం అనుభవం ఉన్నవారికే కష్టం, నేర్చుకుంటున్న పిల్లకు ఇంకా కష్టం. కాబట్టి శ్రుతినే మార్చమంటాను. సి మేజర్‌కు ఎత్తితే పాట మొదటి ఆక్టేవ్‌లోని జి నుంచి మూడో ఆక్టేవ్ తొలి స్వరమైన సి వరకు నడుస్తుంది. డి మేజర్ అయితే ‘ఏ’ నుంచి ‘డి’ వరకు. రెండింటిలోనూ పాట నడిమి భాగం ఫ్లూట్ హాయిగా పలికే రెండో ఆక్టేవ్‌లోకి వస్తుంది. నేను డి వైపే మొగ్గుతాను, కానీ మీ అమ్మాయి రెండూ ఊది చూసి చెప్పాలి. పుచ్చీని రాసిన శ్రుతిని మార్చడం అపచారం అనుకునేవారు ఉంటారు. గాయనికి బదులు ఫ్లూట్‌ను పెట్టినప్పుడే అంతకంటే పెద్ద మార్పు జరిగిపోయింది.

మిర్యాలగూడ మెట్లు

వనపర్తి గారు చెప్పినది నిన్న రాత్రి ప్రయత్నించి చూశాను. ఒక వోకల్ స్కోరులో పాటను తిరిగి వాయిస్తున్న కుడిచేతి స్వరాలను పెన్సిలుతో కొట్టేసి, మిగిలినదాన్ని వాయించాను. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, అది తేలికపడింది.

పియానో వాయించేవాడిగా నాకు తెలిసినది ఒకటి చెప్పగలను. ఆపెరాల్లో భయం, ఆత్రం వచ్చినప్పుడు వయొలిన్లు ఒకే స్వరాన్ని విల్లుతో వణికిస్తాయి. దాన్నే ట్రెమోలో అంటారు. వోకల్ స్కోరులో దాన్ని గుర్తులతో పెట్టేస్తారు, మనం ఒకే స్వరాల గుంపును గబగబా కొడుతూ పోతాం. కొన్ని డిజిటల్ పియానోలలో నొక్కిన మెట్టు పూర్తిగా పైకి లేవకముందే మళ్లీ కొడితే స్వరం తప్పిపోతుంది, చేయి కూడా బిగుసుకుపోతుంది. దానికి బదులు గుంపును రెండుగా విడదీసి, కింది స్వరం ఒకసారి, పై రెండు స్వరాలు ఒకసారి, డోలక్ మీద రెండు చేతులు మారినట్టు వాయించాలి. మణికట్టు వదులుగా ఉండి అటూ ఇటూ ఊగితే చాలు. అది కూడా పేజీల కొద్దీ నడపకూడదు. మొదటి కొలత (తాళంలో ఒక ఆవృత్తం) పూర్తిగా వణికించి, తర్వాత కాస్త తగ్గించి, పాట మలుపు తిరిగే చోట మళ్లీ పెంచితే, మధ్యలో తగ్గిన సంగతి వినేవారి చెవి పట్టించుకోదు. వాగ్నర్ ‘త్రిస్తాన్’ ముగింపును పియానో విద్వాంసుడు లిస్ట్ 1867లో ఒంటి పియానోకు రాసినప్పుడు ట్రెమోలోను విరివిగానే వాడాడు గాని ఆయన చేతులు వేరు.

హార్న్‌లు పట్టి ఉంచే పొడుగాటి స్వరం దీనికి తిరగబడ్డ చిక్కు. హార్న్‌లో స్వరం నిలబడుతుంది, కొన్నిసార్లు పెరుగుతుంది. పియానోలో కొట్టిన క్షణం నుంచీ తరిగిపోతూ ఉంటుంది. నేను ఆ స్వరాన్ని బలహీనమైన తాళపు దెబ్బ మీద, తక్కిన స్వరాల మధ్య దాచి, మెల్లగా మళ్లీ కొడతాను. కొత్తగా కొట్టినట్టు వినబడదు, ఆగిపోయినట్టూ వినబడదు.

వనపర్తి స్వరలిపి

అందులో ‘మెల్లగా’ అన్న మాట కింద గీత గీయండి. మిగిలినదంతా సరిగ్గా చెప్పారు.

సాగర్ గాలి (హాలియా)

మన ప్రాంతం వారికి మాత్రమే తగిలే ఒక విషయం. మే నెలలో, మధ్యాహ్నం నాలుగింటికి, ఏసీ లేని హాలులో ఫ్లూట్, కీబోర్డు కలిపి వాయించిన వారికి ఇది తెలిసే ఉంటుంది. గాలి వేడెక్కితే అందులో శబ్ద వేగం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు ఉన్నది 40 డిగ్రీల దగ్గర 355 మీటర్లకు చేరుతుంది. ఫ్లూట్ గొట్టంలోని గాలి స్తంభమే స్వరాన్ని నిర్ణయిస్తుంది కాబట్టి శ్రుతి పైకి పాకుతుంది. లోపల ఉన్నది అప్పటికే వెచ్చని ఊపిరి గనుక ఆ తేడా పూర్తిగా రాదు, కానీ చెవికి తెలిసేంత వస్తుంది. డిజిటల్ పియానో మాత్రం ఎండకూ చలికీ కదలకుండా 440 (సెకనుకు కంపనాలు) దగ్గరే ఉంటుంది.

రెండేళ్ల కిందట ఒక పాఠశాల వార్షికోత్సవంలో నాకు ఇదే జరిగింది. తల భాగాన్ని బయటికి లాగి ఎంత సరిచేసుకున్నా, కీబోర్డు నాతో పాటు అదే స్వరం వాయించిన ప్రతిచోటా రెండూ కొట్టుకుని అలలు అలలుగా మోగాయి. మిగతాచోట్ల, అంటే కీబోర్డు వేరే స్వరాలు వాయిస్తున్న చోట్ల, అంత తేడా ఎవరికీ తెలియలేదు. ఆ రోజు ఇంటికి వచ్చి నా కూర్పులన్నీ ముందేసుకుని, పియానోలో ఫ్లూట్ స్వరం అదే ఎత్తులో వచ్చిన చోటల్లా తీసేశాను. తప్పనిసరి అయితే ఆక్టేవ్ కిందకు దించాను. వనపర్తి గారు ధ్వని స్పష్టత కోసం చెప్పిన నియమాన్నే నేను ఎండ వల్ల నేర్చుకున్నాను. ఇంకో ఉపాయం: చాలా డిజిటల్ పియానోలలో శ్రుతిని 440 నుంచి 442, 443కు మార్చుకునే వీలుంటుంది. కార్యక్రమానికి అరగంట ముందు అదే హాలులో ఫ్లూట్‌ను బాగా ఊది వేడెక్కించి, అప్పుడు కీబోర్డును దాని దగ్గరికి తీసుకురండి.

గద్వాల వేణువు

నాది వెదురు వేణువు, భజన మండలిలో వాయిస్తాను. ఇవన్నీ చదువుతుంటే ఆశ పుట్టింది. నా చేతికి అందే ఆపెరా సంగీతం ఏదైనా ఉందా?

వనపర్తి స్వరలిపి

ఉంది. గ్లుక్ 1762లో వియన్నా కోసం రాసిన ‘ఓర్ఫియో’లో పుణ్యాత్ములు నాట్యమాడే ఘట్టం ఎఫ్ మేజర్‌లో ఉంటుంది. మీ లెక్కలో అది 4 శ్రుతి, నడక చాలావరకు శంకరాభరణ స్వరాల్లోనే. 4 శ్రుతి వేణువు తీసుకుంటే అర రంధ్రాల అవసరం తక్కువ. 1774లో పారిస్ ప్రదర్శన కోసం గ్లుక్ దానికి డి మైనర్‌లో ప్రత్యేకంగా ఒక ఫ్లూట్ భాగాన్ని చేర్చాడు. మీకు అది కీరవాణికి దగ్గరగా వినబడుతుంది గాని మధ్యలో స్వరాలు మారుతూ ఉంటాయి, దానికి వెండి ఫ్లూట్ మీటలే సులువు. ముందు ఎఫ్ మేజర్ భాగంతో మొదలుపెట్టండి. గమకాలు మాత్రం బాగా తగ్గించి వాయించండి. కింద పియానో స్వరాల గుంపులు కదలకుండా నిలబడి ఉంటాయి కాబట్టి, పైన స్వరం ఊగితే రెండూ పొసగవు.

సూర్యాపేట శ్రోత

నేను వాయించను, వింటాను. డోనిజెట్టి ‘లూచియా’లో మతి చెదిరిన పెళ్లికూతురి పాటలో గాయనీ ఫ్లూటూ ఒకరి వెంట ఒకరు వెళతారు. ఫ్లూట్ ఎలాగూ ఉంది కాబట్టి దాన్ని చేయడం సులువే కదా?

సాగర్ గాలి (హాలియా)

అదే అన్నిటికంటే కష్టం. 1835లో డోనిజెట్టి ఆ ఘట్టానికి మొదట గాజు హార్మోనికా (తడి వేళ్లతో గాజు గిన్నెలను రాసి మోగించే వాద్యం) రాసుకుని, ప్రదర్శనకు ముందే దాని స్థానంలో ఫ్లూట్‌ను పెట్టాడు. ఈ రోజు మనం వినే, ఫ్లూట్, గొంతు పోటీపడే పొడుగాటి స్వర విన్యాసం ఆయన రాసినది కాదు, తర్వాతి కాలంలో చేరింది. అక్కడి అందమంతా ఇద్దరు ఒకరినొకరు అనుకరించడంలో ఉంది. ఫ్లూట్‌కు గాయని వరుస ఇచ్చేస్తే, ఆమెకు బదులు పలికే నీడ ఎవరు? పియానో కుడిచేతిని పైకి తీసుకెళ్లి, పెడల్ (స్వరాలను మోగుతూ ఉంచే కాలి మీట) లేకుండా, పొడిపొడిగా బదులు ఇప్పించాను. గాజు మోతలా కొంత వినిపించింది. రెండో ఫ్లూట్ దొరికితే మాత్రం ముగ్గురుగా వాయించడమే మేలు. ఫ్రాంజ్, కార్ల్ డాప్లర్ సోదరులు ‘రిగొలెట్టో’ పాటల మీద కూర్చిన ఫాంటసీ రెండు ఫ్లూట్లకూ పియానోకూ ఉంది.

మిర్యాలగూడ మెట్లు

హక్కుల గురించి ఎవరూ అడగలేదు గాని చెప్పడం మంచిది. మన దేశంలో రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్లకు హక్కు ముగుస్తుంది. బిజే 1875లో, పుచ్చీని 1924లో పోయారు కాబట్టి వారి సంగీతాన్ని ఎవరైనా కుదించుకోవచ్చు. అయితే ఈ కాలంలో ఎవరో చేసిన ఫ్లూట్ కూర్పును దించుకుంటే, ఆ కూర్పు వారిది.

లతీఫ్‌గుట్ట నీడ (నల్లగొండ)

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలు కూర్చుని ‘కార్మెన్’ కూర్పును మొదటినుంచి తిరగరాశాను. ఏం చేశానో చెబుతాను, తప్పులుంటే దిద్దండి.

పాట, బాస్ మాత్రమే రాసి ముందు మా ఇంట్లోవాళ్లకు వినిపించాను. ఆ తర్వాత క్లారినెట్ వరుసను కుడిచేతిలోకి తీసుకున్నాను. అది ఫ్లూట్ కింద, దానికి తగలకుండా నడుస్తుంది. హార్ప్ స్వరాలన్నీ ఒక్క ఎడమచేతిలో పట్టవు కాబట్టి, ప్రతి గుంపులో అడుగు స్వరాన్నీ, పైన మలుపు తిరిగే స్వరాన్నీ ఉంచి మధ్యలోవి రెండు వదిలాను. పెడల్‌ను సగమే నొక్కుతున్నాను. పూర్తిగా నొక్కితే మొదట్లో బాగుండేది గాని క్లారినెట్ వరుస వచ్చాక అంతా కలిసిపోయి బురదలా వినిపించింది.

ఇవన్నీ సరిచేసినా పిల్ల రెండో పేజీ చివరికి వచ్చేసరికి అలసిపోయేది. ఎందుకో మొదట తట్టలేదు. స్కోరు మళ్లీ తెరిస్తే కనిపించింది: ఆర్కెస్ట్రాలో ఫ్లూట్ వాద్యకారుడు తన పాట ముగించి, పక్కవారికి అందించి, ఊపిరి తీసుకుంటాడు. నా కూర్పులో మాత్రం పాట ఎవరి చేతిలో ఉన్నా దాన్ని పిల్లకే ఇచ్చేశాను. అందుకని తీగవాద్యాలు పాటను అందుకునే చోట ఫ్లూట్‌ను పూర్తిగా ఆపేసి, ఆ వాక్యాన్ని నేనొక్కడినే వాయిస్తున్నాను. ఫ్లూట్ మళ్లీ లోపలికి వచ్చినప్పుడు దాని గొంతు కొత్తగా వినబడుతోంది.

ఒక్కటే మిగిలింది. చివరి కొలతల్లో పాట సన్నబడుతుంది. అక్కడ నా కుడిచేతిలో ఇంకా మూడు స్వరాలున్నాయి. నిన్న సాయంత్రం ఒకటి తీసేసి వాయించాం, తర్వాత రెండోది కూడా తీసేశాం. మూడోది ఉంచాలా వద్దా అని అడిగితే, అమ్మాయి ఫ్లూట్ దించకుండానే తల అడ్డంగా ఊపింది. ఈ రాత్రికి అది కూడా తీసి, రికార్డింగ్ ఇక్కడ పెడతాను.